కంచంలో మిగిలిన ఎముక కుక్కపిల్లకు వద్దు

ఆదివారం కోడికూర భోజనాలయ్యాక కంచాల్లో మిగిలిన ఎముకలు ఎక్కడికి పోతాయో తెలుగు ఇళ్లలో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఇంట్లో కుక్క ఉంటే దాని గిన్నెలోకి, లేకపోతే గేటు దగ్గర కాచుకున్న వీధికుక్క ముందుకు. పెట్టేది ప్రేమతోనే. అదే ఇంట్లో ఎవరైనా చికెన్ షాపు నుంచి తెచ్చిన పచ్చి మెడముక్కను పమేరియన్ పిల్లకు పెట్టబోతే మాత్రం పెద్దవాళ్లు చెయ్యి పట్టుకుని ఆపేస్తారు. "పచ్చిది పెట్టకురా, రక్తం రుచి మరిగితే మన పిల్లల మీదే పడుతుంది. ఉడికించి పెట్టు" అంటారు. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలోనూ ఇదే మాట, గోదావరి జిల్లాల పెంకుటిళ్లలోనూ ఇదే మాట. వండిన ఎముకతో భయం లేదు, పచ్చి ఎముకే ప్రమాదం అన్నది ఇంటింటి సిద్ధాంతంగా స్థిరపడిపోయింది.

ఈ సిద్ధాంతం తప్పు. కొంత నిజం, కొంత అబద్ధం అని సర్దిచెప్పుకోవడానికి కూడా వీల్లేదు. దీన్ని నమ్మి పెట్టిన ముక్కే చిన్న కుక్కల గొంతులోనూ పేగుల్లోనూ ఇరుక్కుంటోంది. హడలిపోవాల్సిన ఎముకను జనం నమ్ముతున్నారు, జాగ్రత్తగా పెట్టదగ్గ ఎముకను చూసి హడలిపోతున్నారు.

ఎముక లోపల ఏముందో చూస్తే విషయం తేలిపోతుంది. బరువులో సుమారు మూడింట రెండు వంతులు ఖనిజం, ముఖ్యంగా కాల్షియం, ఫాస్ఫరస్. మిగిలిన దాంట్లో ఎక్కువ భాగం కొల్లాజెన్ అనే ప్రొటీన్, కొంత నీరు. ఎముకకు గట్టిదనం ఖనిజం వల్ల వస్తుంది, వంగే గుణం కొల్లాజెన్ వల్ల వస్తుంది. నీళ్లలో మరిగిస్తే ఆ కొల్లాజెన్ జెలటిన్‌గా మారి పులుసులోకి దిగిపోతుంది. పాయా చల్లారాక జిగురుగా గడ్డకట్టేది ఇదే. పులుసుకు ఆ చిక్కదనం వచ్చిందంటే ఎముక ఆ మేరకు తన పట్టు పోగొట్టుకున్నట్టే. వేపుడులోనూ, తందూరీలోనూ ఉన్న నీరు కూడా ఆవిరైపోయి ఎముక ఇంకా పెళుసవుతుంది. పచ్చికొమ్మ వంచితే వంగుతుంది, ఎండుపుల్ల వంచితే మొనదేలి విరుగుతుంది. ఇక్కడా అదే తేడా. నమ్మకం లేనివాళ్లు కూరలోని కోడికాలి ఎముకను రెండు చేతులతో పట్టుకుని విరిచి చూడవచ్చు. ఏటవాలుగా చీలి, వేలికి గుచ్చుకునేంత పదునైన అంచు బయటపడుతుంది. అదే బ్రాయిలర్ కోడి పచ్చి రెక్క ఎముకను విరవబోతే ముందు వంగుతుంది, తర్వాత నలిగినట్టు విరుగుతుంది. పైన మాంసం, నరాలు దాన్ని ఇంకా పట్టుకునే ఉంటాయి.

"కుక్కరులో మెత్తగా ఉడికించి పెడతాం కదా" అనేవాళ్లున్నారు. గంటల తరబడి ఉడికి, వేళ్ల మధ్య నలిపితే పిండిలా అయిపోయే లేత బ్రాయిలర్ ఎముక సంగతి వేరు. ఇంట్లో కూరకు పెట్టే 3, 4 విజిళ్లకు ఏ ఎముకా ఆ స్థితికి రాదు. చివరి గుజ్జు మెత్తబడుతుంది, నడిమి గొట్టం పెళుసవుతుంది. మాంసాహారి ఇష్టంగా నమిలే ఆ మెత్తటి చివరను చూసి మొత్తం ఎముకే మెత్తగా ఉందనుకుంటారు.

ఇంకొక వాదన తరచుగా వినిపిస్తుంది: కుక్క పొట్టలో ఆమ్లం దేన్నైనా అరిగిస్తుంది. ఆమ్లం ఘాటైనదే, ఎముకను కరిగించే శక్తి దానికి ఉంది. కానీ చిన్న కుక్కల్లో ఎముక ఇరుక్కునే చోటు చాలాసార్లు పొట్టకు ముందే ఉంటుంది. అన్నవాహికలో మూడు ఇరుకులున్నాయి: అది ఛాతీలోకి దిగే చోటు, గుండెకు పైభాగాన దాన్ని దాటే చోటు, పొట్టలోకి చేరబోయే ముందు డయాఫ్రం దగ్గర. అక్కడ ఆమ్లం లేదు, కరగడానికి వ్యవధీ లేదు. ముక్క ఒరుసుకుంటూ కూర్చుంటే ఆ గోడకు రక్తం అందక కణజాలం చచ్చిపోతుంది, చిల్లు పడుతుంది, ఛాతీలోకి చీము చేరుతుంది. కుక్కల అన్నవాహికలోంచి వెటర్నరీ డాక్టర్లు తీసే వస్తువుల్లో ఎముకలదే పెద్ద వాటా. అలా వచ్చేవాటిలో చిన్న జాతి కుక్కలే ఎక్కువ, ఎందుకంటే వాటి గొట్టం ఇరుకు, ఆత్రం మాత్రం పెద్ద కుక్కదే.

"మా తాతల కాలం నుంచీ పెడుతున్నాం, ఏ కుక్కా చావలేదు." ఈ వాక్యం దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే అన్నింటికంటే బలంగా పనిచేసేది ఇదే. ఆ తాతల కాలపు కుక్క 15, 20 కిలోల ఊరకుక్క. దాని నోరు పెద్దది, గొంతు వెడల్పు. దానికి దొరికేది ఎప్పుడో ఒక ఎముక. అన్నిటికీ మించి, అది రెండు రోజులు తిండి మానేసి గడ్డివాము వెనక పడి చచ్చిపోతే ఎందుకు చచ్చిందని కోసి చూసినవాళ్లెవరు? ఎక్స్‌రే తీసినవాళ్లెవరు? చూడని చావులు లెక్కలోకి రావు గనక ఏ కుక్కా చావలేదన్న మాట నిలబడింది. ఇప్పుడు సోఫా మీద పడుకుంటున్నది 2, 3 కిలోల కుక్కపిల్ల. షిట్జూ, పగ్, చివావా, తెలుగువాళ్లు పమేరియన్ అని ముద్దుగా పిలుచుకునే తెల్లని ఇండియన్ స్పిట్జ్. తాతగారి ఊరకుక్క అనుభవం వీటికి ఆధారం కాలేదు.

వండిన ఎముకల మీద లెక్కలు లేవా అంటే ఉన్నాయి. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017 నవంబరులో ఒక హెచ్చరిక విడుదల చేసింది. కుక్కల కోసమని ప్యాకెట్లలో అమ్మే ఎముకలు తిని జబ్బుపడినట్టు తమకు దాదాపు 68 ఫిర్యాదులు వచ్చాయనీ, వాటిలో సుమారు 15 కుక్కలు చనిపోయినట్టు యజమానులు, డాక్టర్లు తెలిపారనీ అందులో ఉంది. ఇవి పచ్చి ఎముకలు కావు. ఎండబెట్టి, పొగబెట్టి లేదా కాల్చి, నిల్వ ఉండేలా చేసినవి. అలాంటివి ఇప్పుడు మన పెట్ షాపుల్లోనూ కొక్కేలకు వేలాడుతున్నాయి. కుక్కల కోసమే ప్రత్యేకంగా తయారుచేసిన ఎముక పరిస్థితే ఇదైతే, బిర్యానీలోంచి తీసి పడేసిన ఎముక సంగతి ఆలోచించుకోవచ్చు.

బిర్యానీ అన్నాక మసాలా సంగతి వదిలేయడానికి లేదు. ఉల్లి, వెల్లుల్లిలోని గంధక పదార్థాలు కుక్క ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. వండినా, వేయించినా, పొడి చేసినా ఆ గుణం పోదు. కిలో శరీర బరువుకు 15 నుంచి 30 గ్రాముల ఉల్లి చేరితే కుక్క రక్తంలో మార్పులు కనిపిస్తాయని పశువైద్య శాస్త్రం చెబుతోంది. 3 కిలోల కుక్కకు అది 45 గ్రాములతోనే మొదలవుతుంది, అంటే ఒక చిన్న ఉల్లిపాయ. ఎముకకు అంటుకున్న మసాలా ముద్ద వారం వారం చేరుతుంటే ఆ ఒంటికి అది తక్కువేమీ కాదు. నూనె, కొవ్వు ఒక్కసారిగా ఎక్కువైతే క్లోమం వాచి వాంతులతో చిక్కిపోయే కుక్కలూ ఉన్నాయి.

ఇక పచ్చిది తింటే పిచ్చెక్కుతుందన్న భయం. రేబిస్ ఒక వైరస్. అది జబ్బున్న జంతువు కాటుతో, లాలాజలంతో వస్తుంది. షాపులో కొన్న కోడిమాంసం తింటే రాదు. పచ్చి మాంసం తిన్నందుకు కుక్క స్వభావం మారి మనుషుల మీద పడుతుందనడానికి ఏ ఆధారమూ లేదు. మరి ఈ నమ్మకం ఎక్కడి నుంచి వచ్చింది? కంటితో చూసిన దాన్నుంచే వచ్చింది. ఎముక దొరికిన కుక్క దగ్గరికి పిల్లాడు పోయి లాగబోతే అది గుర్రుమంటుంది. తనకు విలువైన వస్తువును కాపాడుకోవడం అది. కూరలో ఎముకకైనా, ఇష్టమైన బొమ్మకైనా అదే గుర్రు వినిపిస్తుంది. దీన్ని రక్తం రుచి మరగడం అనుకుని కుక్కను కొడితే గుర్రు కాస్తా కాటు అవుతుంది. చిన్నప్పటి నుంచీ ఎముక బదులు ఇంకా నచ్చేదేదో చూపించి, అది వదిలాక తీసుకుని, మళ్లీ ఇవ్వడం అలవాటు చేస్తే కుక్క వదలడం నేర్చుకుంటుంది. పిల్లలున్న ఇంట్లో అది తినేంతసేపూ గది తలుపు వేసి ఉంచాలి.

ఎముక అసలు ఎందుకు, మానేస్తే పోదా అని అడగొచ్చు. చక్కగా మానేయొచ్చు. సమతూకం ఉన్న కంపెనీ ఆహారం తినే కుక్కకు ఎముక లేకపోయినా ఏ లోటూ రాదు. కానీ తెలుగు ఇళ్లలో చాలా కుక్కపిల్లలు పెరిగేది అన్నం, బోన్‌లెస్ చికెన్ మీద. మాంసంలో కాల్షియం కంటే ఫాస్ఫరస్ 15, 20 రెట్లు ఎక్కువ. ఎదిగే పిల్లకు కావలసింది ఇంచుమించు సమానం, కాల్షియం ఒకింత ఎక్కువ. ఆ లోటు పూడ్చడానికి ఒళ్లు తన ఎముకల్లోంచే కాల్షియాన్ని లాగేస్తుంది. కాళ్లు వంకర్లు పోతాయి, మంచం మీంచి దూకితే విరుగుతాయి. "ఇంత మంచి తిండి పెట్టాం, రోజూ చికెనే" అని యజమాని బాధపడతాడు. ఆ చికెన్‌లోంచి ఎముక తీసేయడమే జబ్బుకు కారణం. అలాగని మందుల షాపు నుంచి కాల్షియం సీసాలు తెచ్చి పోయడం కూడా తప్పే. 6 నెలల లోపు పిల్లలకు ఎక్కువైన కాల్షియాన్ని పేగు దగ్గరే ఆపే శక్తి సరిగా ఉండదు. పెద్ద జాతుల పిల్లల్లో దానివల్ల కీళ్లు, ఎముకలు చెడతాయి. ఎంత కావాలో డాక్టరు లెక్కగట్టి చెప్పాలి.

పళ్ల సంగతీ ఉంది. చిన్న కుక్కల ఇరుకు దవడలో 42 పళ్లు కిక్కిరిసి ఉంటాయి, వాటికి గార పట్టడం, చిగుళ్లు చెడడం పెద్ద కుక్కలకంటే ఎక్కువ. బ్రెజిల్ పరిశోధకులు 2016లో ప్రచురించిన ఒక అధ్యయనంలో 8 బీగిల్ కుక్కలకు పచ్చి ఎద్దు ఎముకలు ఇస్తే 3 వారాల లోపే గారలో చాలా భాగం పోయింది. 8 కుక్కలే, అవీ షిట్జూ, చివావాల కంటే పెద్దవే. అది ఉపకారం ఉందనడానికి ఆధారం, భద్రతకు హామీ కాదు. అలాంటి గట్టి కాలి ఎముకను కొరకబోయి పైదవడలోని పెద్ద దంతం పలకలా చీలిపోయిన కుక్కలు దంతవైద్యం చేసే వెటర్నరీ డాక్టర్లకు కొత్త కాదు.

ఇక్కడ రెండో వైపు వాళ్లతో కూడా తేల్చుకోవాలి. ఆస్ట్రేలియా వెటర్నరీ డాక్టర్లు ఇయాన్ బిల్లింగ్‌హర్స్ట్ 1993లో, టామ్ లాన్స్‌డేల్ 2001లో రాసిన పుస్తకాలతో పచ్చి మాంసం, ఎముకల తిండి ఒక ఉద్యమమైంది. కుక్క తోడేలు వంశం, కనుక పచ్చిది దానికి సహజం, సహజమైంది హాని చేయదు అన్నంతదాకా కొందరు అనుచరులు వెళ్లారు. కుక్క తోడేలు వంశమే, కానీ మనిషి పెట్టిన గంజి తిని మారిన వంశం. పిండిపదార్థాన్ని అరిగించే జన్యువు కుక్కల్లో తోడేళ్లకంటే ఎన్నో రెట్లు ఎక్కువ ప్రతులుగా ఉందని 2013లో స్వీడన్ శాస్త్రవేత్తలు చూపించారు. ఇంకా గట్టి దెబ్బ ఆస్ట్రేలియా నుంచే వచ్చింది. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయం 2018లో కాళ్లు చచ్చుబడే ఒక నరాల జబ్బు వచ్చిన 27 కుక్కలను, రాని 47 కుక్కలతో పోల్చింది. జబ్బుపడ్డ వాటి మలంలో కాంపిలోబాక్టర్ అనే బ్యాక్టీరియా కనిపించే అవకాశం 9 రెట్లకు పైగా ఉంది. పచ్చి కోడిమాంసంతో, అందులోనూ మెడముక్కలతో దానికి లంకె ఉందని వాళ్లు అనుమానించారు. పచ్చి మాంసంలో సాల్మొనెల్లా బ్యాక్టీరియా సంగతి అందరికీ తెలిసిందే. అమెరికా వెటర్నరీ వైద్య సంఘం 2012 నుంచి పచ్చి మాంసాహారాన్ని వద్దంటున్నది ఈ కారణంగానే.

అయితే ఆ సంఘం మాటను సగమే పట్టుకుని పచ్చిది మాని వండినది పెడతామనే వాళ్లు అసలు మాట వినలేదు. పచ్చిది వద్దన్న డాక్టరే వండిన ఎముక అసలే వద్దంటాడు. రెండు ప్రమాదాల్లో తేడా ఉంది. వండిన ఎముకతో వచ్చే ముప్పు దాని పెళుసుదనంలోనే ఉంది, యజమాని ఎంత శ్రద్ధ పెట్టినా పోయేది కాదు. పచ్చి ఎముకతో వచ్చే ముప్పు సూక్ష్మజీవులది, మింగేయడానిది. అది పూర్తిగా పోదు, కానీ ఎంపికతో, శుభ్రతతో, కాపలాతో చాలావరకు తగ్గుతుంది. ఆ శ్రద్ధ పెట్టలేని ఇంట్లో ఏ ఎముకా వద్దు. ఇంట్లో గర్భిణి, 5 ఏళ్ల లోపు పిల్లలు, ముసలివాళ్లు, కేన్సర్ మందులు వాడుతున్నవాళ్లు ఉంటే కూడా వద్దు, ఎందుకంటే కుక్కకు ఏమీ కాకపోయినా దాని నోటి నుంచి, మలం నుంచి క్రిములు మనుషులకు చేరతాయి.

పెట్టాలనుకున్నవాళ్లు ముందుగా షాపు దగ్గరే జాగ్రత్తపడాలి. చికెన్ షాపువాడు మొద్దు మీద పెట్టి కూరముక్కలు కొట్టేటప్పుడు కత్తి దెబ్బకు ఎముక అడ్డంగా చీలిపోతుంది. పచ్చిదైనా ఆ చీలిన అంచు పదునే, పైగా ముక్క సరిగ్గా గుటకేసే సైజులో ఉంటుంది. కుక్కకు కూరముక్కలు పనికిరావు. మెడనో రెక్కనో నరక్కుండా, చర్మం తీసి ఇమ్మనాలి. ఆరు వారాలకే కోతకొచ్చే బ్రాయిలర్ ఎముక లేతది, ముసలి నాటుకోడిది కాదు. ముక్క ఎప్పుడూ కుక్క మూతి కంటే పొడవుండాలి. ఆత్రంగా మింగే కుక్కయితే ఒక కొస మనిషి చేతిలోనే ఉండాలి. మటన్ షాపులో అయితే రెండు మూడు పక్కటెముకలు విడగొట్టకుండా, మాంసంతో సహా అడగాలి. కుక్క దాన్ని 10, 15 నిమిషాలు గీరి మాంసం తిన్నాక తీసేయాలి. నల్లి బొక్క గుండ్రంగా కోసిన రింగు మాత్రం ఏ చిన్న కుక్కకూ పెట్టకూడదు. అది కింది దవడ చుట్టూ కోరల వెనక ఇరుక్కుంటే మత్తిచ్చి కోసి తీయాల్సిందే. గోరుతో నొక్కితే నొక్కు పడనంత గట్టిదైతే పంటికి హాని అని డాక్టర్లు చెప్పే కొలత మనసులో పెట్టుకోవాలి.

పొట్టేలు పచ్చి కాలేయం, ఊపిరితిత్తులు ఎంత చవగ్గా దొరికినా కుక్కకు వేయకూడదు. వాటిలో ఉండే హైడాటిడ్ తిత్తులు తిన్న కుక్క పేగుల్లో బద్దెపురుగు పెరుగుతుంది. దాని గుడ్లు మలం ద్వారా మనిషికి చేరి కాలేయంలో, ఊపిరితిత్తుల్లో తిత్తులు కడతాయి. తెలుగు రాష్ట్రాల పెద్దాసుపత్రుల శస్త్రచికిత్స విభాగాలకు ఈ కేసులు కొత్త కాదు. ఫ్రీజర్ కొన్ని పురుగులను చంపుతుంది, సాల్మొనెల్లాను చంపదు. మన ఎండల్లో పచ్చి ముక్క అరగంట బయట ఉంటే పారేయాలి. గిన్నె, నేల, చేతులు సబ్బుతో కడగాలి. టీకాల వరుస పూర్తయ్యేదాకా, అంటే సుమారు 4 నెలల వయసు వచ్చేదాకా కుక్కపిల్లకు పచ్చిది పెట్టకూడదు. పాలపళ్లు ఊడి కొత్తవి వచ్చే 4 నుంచి 7 నెలల మధ్య అది చెప్పులు, కుర్చీ కాళ్లు కొరుకుతుంది. అప్పుడు కూడా ఎముక వారానికి ఒకటి రెండుసార్లకు మించొద్దు. మలం తెల్లగా సున్నపుముద్దలా వస్తే ఎముక ఎక్కువైందని అర్థం.

వండిన ఎముక పొరపాటున తినేసిందని తెలిస్తే చాలా ఇళ్లలో మొదట చేసే పని ఉప్పునీళ్లు పట్టించి కక్కించడం. అది చేయకూడదు. కిందికి దిగిన పదును ముక్క పైకి వచ్చేటప్పుడు ఇంకోసారి చీలుస్తుంది, ఎక్కువైన ఉప్పు దానంతట అదే ప్రాణం తీయగలదు. అన్నం ముద్దలు కుక్కి తోసేయడం కూడా వద్దు. చొంగ కారుస్తూ పదేపదే గుటకలు వేయడం, తిన్న వెంటనే కక్కేయడం, మెడ చాచి కూర్చోవడం, పొట్ట ముట్టుకోనివ్వకపోవడం, ముక్కినా మలం రాకపోవడం, మలంలో రక్తం, వీటిలో ఏది కనిపించినా రేపటిదాకా ఆగకుండా ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఏ ఎముక, ఎంత ముక్క, ఎన్ని గంటలైంది అన్నది డాక్టరుకు చెప్పాలి. మిగిలిన ముక్క ఉంటే కవర్లో పెట్టి వెంట తీసుకెళ్లాలి.